‘తొలి మహిళ’ సరే, ఏ పదవిలో?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రాజకీయాల్లో, ప్రభుత్వంలో ముందుగా అడుగుపెట్టిన మహిళల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. పరీక్షలకు చదివేవాళ్ళవి, పోటీకి దిగబోయేవాళ్ళవి ఎక్కువ వచ్చాయి.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. దేశంలో తొలి మహిళా మంత్రి విజయలక్ష్మీ పండిట్ అని ఒక గైడులో ఉంది. ఇంకోదాంట్లో రాజకుమారి అమృత్ కౌర్ అని, కోచింగ్ నోట్సులో రుక్మిణీ లక్ష్మీపతి అని ఉంది. ఏది రాయాలి? – హనుమకొండ

జవాబు: మూడూ సరైనవే. ప్రశ్నను సగంలో తుంచేయడంతోనే ఈ తంటా. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద 1937లో ఎన్నికలు జరిగి ప్రావిన్సుల్లో మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్య శాఖలు చూసింది విజయలక్ష్మీ పండిట్. స్వాతంత్ర్యానికి ముందు మంత్రి అయిన తొలి భారతీయ మహిళ అని అడిగితే ఆమె పేరు రాయండి. మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంటే రుక్మిణీ లక్ష్మీపతి. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ ఆమెదే. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళినావిడ కూడా ఈవిడే. స్వతంత్ర భారత కేంద్ర క్యాబినెట్ అంటే అమృత్ కౌర్. 1947 నుంచి 1957 దాకా ఆరోగ్య మంత్రి.

‘తొలి’ అనే మాట కనిపించగానే మూడు సంగతులు చూసుకోండి: ఏ ప్రాంతం, ఏ పదవి, ఎన్నికై వచ్చారా లేక నియామకమా. ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే, 1960 జూలై 21. అప్పటికి ఆమె పార్లమెంటు ఏ సభలోనూ లేరు, ఆ తర్వాతే సెనేట్‌కు నియమితులయ్యారు. తొలి మహిళా అధ్యక్షురాలి దగ్గర కూడా ఇదే మెలిక. 1974లో భర్త చనిపోతే ఉపాధ్యక్ష పదవి నుంచి పైకి వచ్చిన అర్జెంటీనా ఇసబెల్ పెరోన్ ఒకరు. 1980లో నేరుగా ప్రజల ఓట్లతో గెలిచిన ఐస్‌లాండ్ విగ్దిస్ ఫిన్‌బోగదొత్తిర్ ఇంకొకరు. ‘ఎన్నికైన’ అనే మాట ఉందో లేదో చూడకుండా గుర్తు పెడితే మార్కు పోయినట్టే.

మన దేశంలో తొలి మహిళా గవర్నర్ సరోజినీ నాయుడు, 1947. తొలి మహిళా ముఖ్యమంత్రి సుచేతా కృపలానీ, 1963 అక్టోబరు 2. తమాషా ఏమిటంటే రెండూ ఉత్తరప్రదేశ్‌లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి మహిళా గవర్నర్ శారదా ముఖర్జీ, 1977. తొలి మహిళా స్పీకర్ కె.ప్రతిభా భారతి, 1999. హైదరాబాద్ తొలి మహిళా మేయర్ రాణీ కుముదినీ దేవి, 1962.

ప్రశ్న: మద్రాసులో ఆడవాళ్ళకు 1921లోనే ఓటు వచ్చిందని చదివాను. మరి డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి శాసనమండలిలోకి రావడానికి 1927 దాకా ఎందుకు పట్టింది? – నెల్లూరు

జవాబు: ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు అప్పట్లో రెండు వేర్వేరు తలుపులు. ఒకటి తెరిచినంత మాత్రాన రెండోది తెరుచుకోలేదు.

1917 డిసెంబరులో మద్రాసు వచ్చిన భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌ను సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళా ప్రతినిధి బృందం కలిసింది. పురుషులకు ఇస్తున్న షరతుల మీదే మాకూ ఓటివ్వండి అన్నది వాళ్ళ కోరిక. తర్వాత ఓటు హక్కుల మీద వేసిన సౌత్‌బరో కమిటీ దాన్ని తోసిపుచ్చింది. 1919 చట్టం ఆ బరువును తన మీద వేసుకోకుండా ప్రావిన్సుల శాసనమండళ్ళకు వదిలేసింది: మీరు తీర్మానం చేసుకుంటే ఇచ్చుకోండి అని. మద్రాసు మండలి 1921లో తీర్మానం చేసింది. కానీ అది అందరికీ ఓటు కాదు. ఆస్తి, పన్ను లెక్కల ప్రకారం అర్హత. ఆస్తి ఆడవాళ్ళ పేరున ఉన్న ఇళ్ళెన్ని? అందుకే జాబితాకెక్కిన మహిళలు బహు కొద్దిమంది.

సభలో కూర్చోవడానికి అడ్డున్న నిబంధన 1926లో తొలగింది. ఆ ఏడాదే కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీ చేసి కొద్ది తేడాతో ఓడిపోయారు. ఎన్నికలో ఎవరూ గెలవకపోవడంతో మిగిలిన దారి నామినేషన్. మహిళా సంఘాల ఒత్తిడితో ప్రభుత్వం ముత్తులక్ష్మిని నామినేట్ చేసింది. సభ ఆమెను డిప్యూటీ ప్రెసిడెంటుగా ఎన్నుకుంది. అంటే సభ్యత్వం నియామకం, ఆ పదవి ఎన్నిక. ఈ రెంటినీ కలిపేసి ‘ఎన్నికైన తొలి సభ్యురాలు’ అని రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆమె చేసిన పనిలో అసలు చూడాల్సింది భూమి సంగతి. దేవదాసీల్లో చాలామందికి గుడి సేవకు బదులుగా ఇనాం భూములుండేవి. సేవ మానేస్తే భూమి పోతుంది. ‘ఈ వృత్తి వదిలెయ్యండి’ అని ఊరికే చెబితే తిండి వదులుకోమని చెప్పినట్టే. అందుకని 1927లో ఆమె తీర్మానం తెచ్చాక, 1929లో దేవాదాయ చట్టాన్ని సవరించి ఆ భూమిని సేవ నుంచి విడదీశారు. సేవ మానినా భూమి ఆమెతో ఉంటుంది. నిషేధానికి ముందు బతుకుదెరువు చూసిన చట్టం అది. ఈ వరుస అర్థం చేసుకోకుండా తర్వాత వచ్చిన ఎన్నో సంస్కరణ చట్టాలు కాగితం మీదే మిగిలాయి. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె రాజీనామా చేశారు. ఆడపిల్లలను గుడికి అంకితం చేయడాన్నే నేరంగా మార్చిన మద్రాసు చట్టం 1947లో వచ్చింది.

ప్రశ్న: మొదటి సాధారణ ఎన్నికల్లో లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితా నుంచి తీసేశారట, నిజమా? ఇంకో సంగతి. పెళ్ళయి మూడేళ్ళయింది, నా ఓటు ఇంకా పుట్టింటి ఊళ్ళోనే ఉంది. అత్తగారి ఊళ్ళో కొత్తగా రాయించుకోవచ్చా? – ఏలూరు

జవాబు: నిజం. జాబితా రాసేవాళ్ళు వచ్చినప్పుడు చాలామంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పలేదు. ఫలానా వాడి తల్లి, ఫలానా వాడి భార్య అనే రాయించారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదన్న ఆనవాయితీ అది. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అది కుదరదన్నారు. పేరు చెప్పడానికి గడువు పొడిగించి, ప్రచారం చేయించి, అప్పటికీ పేరు ఇవ్వనివాళ్ళను తొలగించారు. సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల పేర్లు అలా పోయాయి. బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్‌లలోనే ఎక్కువ. కఠినంగా అనిపిస్తుంది గానీ, మా దృష్టిలో అది సరైన నిర్ణయం. భర్త పేరు మీద ఓటరయిన మనిషికి రేపు ఆయన పోతే ఓటు ఎవరిది? తర్వాతి ఎన్నికల నాటికి చాలామంది తమ పేరుతోనే జాబితాకెక్కారు.

ఇక మీ ఓటు. కొత్తగా రాయించుకోకండి. ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్ళకు. మీరు నింపాల్సింది ఫారం 8. చిరునామా మార్పు, పేరులో తప్పులు, కొత్త కార్డు అన్నిటికీ అదే. అందులో పాత ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరు తప్పక వేయండి. అది వేస్తేనే పుట్టింటి ఊళ్ళో పేరు తీసేసి ఇక్కడ చేరుస్తారు. ఫారం 6 మళ్ళీ పెడితే రెండు చోట్లా పేరుంటుంది. ఒకరికి రెండు నియోజకవర్గాల్లో పేరుండకూడదు. ఇంకెక్కడా ఓటు లేదని అందులో అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే నేరం. ఇంటి పేరు మార్చుకోవడం తప్పనిసరేమీ కాదు. మార్చుకుంటే ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు ఖాతా మూడింట్లోనూ ఒకేలా ఉండాలి. ఎందుకో కింది జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడాలని ఉంది. మాది జనరల్ సీటు. మహిళలకు డిపాజిట్ తక్కువా? నామినేషన్ దగ్గర ఎక్కడ దెబ్బతింటారు? – మహబూబ్‌నగర్

జవాబు: జనరల్ అంటే మగవాళ్ళ సీటని అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మహిళలు అక్కడా నిలబడవచ్చు. డిపాజిట్లో మహిళలకు రాయితీ లేదు. అసెంబ్లీకి రూ.10,000, లోక్‌సభకు రూ.25,000. సగం కట్టే వెసులుబాటు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు.

మీకు కనీసం 25 ఏళ్ళుండాలి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటుండాలి. ఇండిపెండెంటు కాబట్టి అదే నియోజకవర్గ ఓటర్లు 10 మంది ప్రతిపాదించాలి. పది సంతకాలే కదా అని సరిగ్గా పది పెట్టించి, అందులో ఒకరి ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని తేలి తిరస్కారానికి గురైనవాళ్ళున్నారు. ఓటర్ల జాబితాలో పార్ట్ నంబరు, సీరియల్ నంబరు కళ్ళారా చూశాకే సంతకం పెట్టించండి. నాలుగు సెట్ల దాకా వేయవచ్చు. ఒక్కో సెట్టుకు వేరే పదిమందిని పెట్టుకుంటే ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది. డిపాజిట్ మాత్రం ఒక్కసారే. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ జాబితా సర్టిఫైడ్ కాపీ జత చేయాలి.

ఎక్కువమంది బోల్తాపడేది ఫారం 26 అఫిడవిట్ దగ్గర. ఏ గడీ ఖాళీగా వదలకండి, గీత గీసి ఊరుకోకండి. లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయండి. ఖాళీలుంటే రిటర్నింగ్ అధికారి నోటీసిస్తారు. అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇందులో భర్త ఆస్తులు, అప్పులు, పాన్ వివరాలు కూడా అడుగుతారు. మహిళా అభ్యర్థులకు చిక్కు వచ్చేది ఇక్కడే. భర్తకు ఏ బ్యాంకులో ఎంత అప్పుందో చివరి రోజు దాకా భార్యకు తెలియదు. నోటిఫికేషన్‌కు నెల ముందే ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి.

రెండో గండం ప్రమాణం. నామినేషన్ వేశాక, పరిశీలన తేదీకి ముందు రోజులోపు రాజ్యాంగానికి విధేయతా ప్రమాణం చేయాలి. పరిశీలన రోజు పొద్దున వచ్చి చేస్తానంటే చెల్లదు. వేసిన వెంటనే అక్కడే చేసి సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. నామినేషన్లు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే తెరవాలి.

పేరులో చిన్న అక్షర దోషం, ఇంటి పేరు తేడా వంటివాటికి నామినేషన్ కొట్టేయకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. అయినా పరిశీలన బల్ల దగ్గర ప్రత్యర్థి లాయరు పట్టుకునేది దాన్నే. రిజర్వుడు సీట్లో అయితే ఇంకా జాగ్రత్త: మహిళ కులం పుట్టుకతో వచ్చినదే, పెళ్ళితో మారదు. ఓసీ ఇంట పుట్టి ఎస్సీని పెళ్ళి చేసుకున్నావిడ ఎస్సీ సీటుకు అర్హురాలు కారు. ఎస్సీగా పుట్టి ఓసీని చేసుకున్నావిడ అర్హురాలే. అప్పుడు కుల ధ్రువపత్రం పుట్టింటి ఇంటి పేరుతోనూ, ఓటరు జాబితా అత్తింటి ఇంటి పేరుతోనూ ఉంటుంది. రెండూ ఒకరే అని చూపే పెళ్ళి సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి.

ప్రశ్న: ఐఏఎస్‌లో చేరే ఆడవాళ్ళు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుందని ఒకప్పుడు నిజంగానే ఆర్డరులో రాసేవారా? – విశాఖపట్నం

జవాబు: రాసేవారు. 1951 బ్యాచ్‌లో ఎంపికైన అన్నా రాజం జార్జ్ (పెళ్ళయ్యాక అన్నా రాజం మల్హోత్రా) నియామక పత్రంలో, వివాహమైతే సర్వీసు ముగుస్తుందన్న షరతు ఉంది. అంతకు ముందే ఇంటర్వ్యూ బోర్డు, ఆడవాళ్ళకు విదేశాంగ సర్వీసు గానీ, కేంద్ర సర్వీసులు గానీ నయం అని నచ్చజెప్పబోయింది. ఆవిడ వినలేదు. మద్రాసు క్యాడర్ తీసుకున్నారు. అక్కడ ముఖ్యమంత్రి రాజాజీ సచివాలయంలో కూర్చోబెడదామనుకున్నారు. శాంతిభద్రతల సమస్య వస్తే ఆడమనిషి ఏం చేస్తుందన్నది అనుమానం. ఆమె పట్టుబట్టి హొసూరు సబ్ కలెక్టరుగా వెళ్ళారు. పెళ్ళి షరతు తర్వాత నిబంధనల నుంచి పోయింది.

విదేశాంగ సర్వీసులో అది చాలాకాలం బతికింది. కొడగుకు చెందిన సి.బి.ముత్తమ్మ 1949లో ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ. 1970లో హంగరీకి వెళ్ళి, సర్వీసు నుంచి వచ్చిన తొలి మహిళా రాయబారి అయ్యారు. 1961 నాటి నిబంధనల్లో 8(2) ప్రకారం మహిళా అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక ఇంటి బాధ్యతలు విధులకు అడ్డొస్తాయని ప్రభుత్వం అనుకుంటే ఎప్పుడైనా రాజీనామా చేయమనవచ్చు. నియామక నిబంధన 18(4) అయితే పెళ్ళయిన మహిళకు ఉద్యోగం హక్కుగా రాదని చెప్పింది. మగ అధికారికి ఇలాంటివేవీ లేవు.

పై గ్రేడు ప్రమోషన్ తనకు రాకుండా చేశారని ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు ప్రమోషన్ ఇచ్చింది. 18(4) తీసేశామని, 8(2) తీసేస్తున్నామని చెప్పింది. దాంతో 1979 సెప్టెంబరులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టేశారు. చాలా చోట్ల ‘ముత్తమ్మ కేసు గెలిచారు’ అని రాస్తారు, సాంకేతికంగా అది సరికాదు. కానీ ఆ తీర్పులోనే ఆ నిబంధనల మీద చురకలు పెట్టి, లింగ వివక్ష ఉన్న సర్వీసు నిబంధనలన్నీ వెతికి సరిచేయమని, ఆమె సీనియారిటీ మళ్ళీ చూడమని ప్రభుత్వానికి చెప్పారు. పిటిషన్ పోయినా పని జరిగింది. పరీక్షలో రాసేటప్పుడు రాజ్యాంగ అధికరణాలు 14, 16 జత చేయండి.

ప్రశ్న: మా ఆవిడ సర్పంచి. ఆవిడకు బయటి పనులు తెలియవు కాబట్టి మీటింగుల్లో నేను కూర్చుంటున్నాను. తప్పా? – పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: తప్పే. పంచాయతీ సమావేశంలో మాట్లాడే హక్కు, ఓటు హక్కు ఎన్నికైన సభ్యులవి. మీరు గ్రామసభకు ఓటరుగా రండి, ప్రశ్నలడగండి. ఆ కుర్చీ మీది కాదు.

దీంట్లో మీ ఆవిడకు పొంచి ఉన్న ప్రమాదం చెబుతాం. తెలంగాణ 2018 చట్టంలో సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి చెక్ పవర్ ఇచ్చారు. ఖాళీ చెక్కు మీద, రాయని తీర్మానం కింద ఆమె సంతకం పెట్టి ఉంచితే, రేపు ఆడిట్‌లో నిధులు తేడా వస్తే నోటీసు ఆమెకే వస్తుంది, వసూలూ ఆమె దగ్గరే. భర్త చెప్పాడు అన్నది జవాబు కాదు. తీర్మానాల పుస్తకంలో చివరి వాక్యం కింద ఖాళీ ఉంటే గీత కొట్టించి సంతకం పెట్టమనండి. పని బిల్లుకు ముందు ఎం-బుక్ (కొలతల పుస్తకం)లో కొలతలు ఎక్కాయా, అక్కడ పని కనిపిస్తోందా అని స్వయంగా వెళ్ళి చూడమనండి. తెలియనిది ఎంపీడీవోను రాతపూర్వకంగా అడిగితే జవాబూ రాతలోనే వస్తుంది. ఆరు నెలల్లో ఆమెకు మీకంటే ఎక్కువ తెలుస్తుంది.

పంచాయతీల్లో మూడో వంతుకు తగ్గకుండా సీట్లు, అధ్యక్ష పదవులు మహిళలకు ఇచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. అంతకు ముందు, 1957 నాటి బల్వంతరాయ్ మెహతా కమిటీ చెప్పిన పద్ధతి ఒకరిద్దరు మహిళలను కోఆప్ట్ చేసుకోవడం, అంటే ఎన్నిక లేకుండా సభ్యులే చేర్చుకోవడం. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి 36 ఏళ్ళు పట్టింది.

ప్రశ్న: 2023 మహిళా రిజర్వేషన్ చట్టం ఎమ్మెల్సీ పదవులకు కూడా వర్తిస్తుందా? – కర్నూలు

జవాబు: లేదు. 106వ సవరణ లోక్‌సభకు, రాష్ట్రాల అసెంబ్లీలకు, ఢిల్లీ అసెంబ్లీకి మాత్రమే. రాజ్యసభ, శాసనమండళ్ళు అందులో లేవు. మూడో వంతు సీట్లు. ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడో వంతు ఆ వర్గాల మహిళలకు. చట్టం వచ్చాక జరిగే తొలి జనగణన లెక్కలతో నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని 334ఎ అధికరణంలో షరతు పెట్టారు. గడువు 15 ఏళ్ళు, ప్రతి పునర్విభజన తర్వాత సీట్లు మారతాయి. ఫలానా సీటు మహిళలకు వెళ్ళిందని ఎవరైనా జాబితా చూపిస్తే ముందు పునర్విభజన ఉత్తర్వు అడగండి. మొదటి బిల్లు 1996 సెప్టెంబరులో వచ్చింది. 2010లో రాజ్యసభ దాటినా లోక్‌సభలో ఆగిపోయింది.

ప్రశ్న: తెలుగువాళ్ళలో ప్రధాన ఎన్నికల కమిషనరుగా చేసిన మహిళ ఉన్నారా? – తణుకు

జవాబు: ఉన్నారు, మీ ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లావాళ్ళే. వి.ఎస్.రమాదేవి. పేరి శాస్త్రి తర్వాత 1990 నవంబరు 26 నుంచి డిసెంబరు 11 దాకా, 16 రోజులు. తర్వాత టి.ఎన్.శేషన్ వచ్చారు. ఆమె సత్తాను ఆ 16 రోజులతో కొలవడం అన్యాయం. రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా, హిమాచల్‌ప్రదేశ్, కర్ణాటక గవర్నరుగా పనిచేశారు.

ప్రశ్న: రాజ్యాంగ సభ చర్చల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రసంగాలు వెతికితే దొరకడం లేదు. – రాజమహేంద్రవరం

జవాబు: ‘జి.దుర్గాబాయి’ అని వెతకండి. చింతామన్ దేశ్‌ముఖ్‌తో ఆమె పెళ్ళి 1953లో, చర్చలు అంతకు ముందే అయిపోయాయి. 1949లో రాజ్యసభ కనీస వయసు చర్చ దగ్గర మొదలుపెట్టండి. డాక్టర్ అంబేడ్కర్ ప్రతిపాదనలో 35 ఉంటే, 30 చాలని సవరణ పెట్టి నెగ్గించింది ఆమే. ఇప్పుడు 84వ అధికరణంలో ఉన్న 30 ఏళ్ళు అదే.